ఇంజిన్ మార్చాక స్టార్ట్ కాని స్విఫ్ట్, హనుమకొండలో దాన్ని బాగుచేసిన చిన్న మడిగె

కారుకు ఇంజిన్ మార్పించాక అది స్టార్ట్ కాక ఇరవై మూడు రోజులు గ్యారేజీల చుట్టూ తిరిగినవాణ్ని నేను. చివరికి హనుమకొండలో పది అడుగుల మడిగెలో కూర్చునే ఒక ఆటో ఎలక్ట్రీషియన్ రెండు రోజుల్లో పని పూర్తి చేసి ఇచ్చాడు. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నా. మన వరంగల్, భూపాలపల్లి, కరీంనగర్ వైపు పాత డీజిల్ బండ్లు ఇంకా చాలా తిరుగుతున్నాయి, రేపు ఎవరికైనా ఇదే తిప్పలు రావచ్చు, అందుకే ఉన్నదున్నట్టు వివరంగా రాస్తున్నా.

మాది 2014 స్విఫ్ట్ వీడీఐ. ఇల్లు హనుమకొండ, విత్తనాల దుకాణం నర్సంపేటలో, రోజూ పోయి రావడానికి ఎనభై కిలోమీటర్ల దాకా అవుతుంది. 2023 జులై చివర్లో, భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరు వరదలో మునిగిన ఆ వారమే, హుజూరాబాద్ నుంచి రాత్రిపూట వస్తూ నయీంనగర్ దగ్గర నీళ్లలోకి దిగాను. ముందు లారీ పోతోంది కదా అని నేనూ పోయాను. లారీ లేపిన అల బోనెట్ మీదికి వచ్చింది, ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ దారిలో నీళ్లు మింగింది, ఠప్పుమని ఆగిపోయింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. భయంలో ఇంకో రెండుసార్లు సెల్ఫ్ కొట్టాను. సిలిండర్‌లో గాలి నొక్కితే కుదించుకుంటుంది గానీ నీళ్లు కుదించుకోవు కదా, కనెక్టింగ్ రాడ్ వంగి బ్లాకుకే రంధ్రం పడింది. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ లేదు, కాబట్టి ఇంజిన్ ఖర్చంతా నా నెత్తిమీదే.

హైదరాబాద్ ఆటోనగర్‌లో 2015 డిజైర్ ఇంజిన్ దొరికింది. అది కూడా 1248 సీసీ ఫియట్ మల్టీజెట్టే, అదే 75 హార్స్‌పవర్. ఈ ఒక్క విషయం కొనేటప్పుడు గట్టిగా చూసుకోండి, ఎందుకంటే ఎర్టిగా, సియాజ్‌లలో అప్పట్లో వచ్చిన 90 హార్స్‌పవర్ ఇంజిన్ పైకి ఇలాగే ఉంటుంది గానీ దాని టర్బో వేరు, ఈసీఎంలోని (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ డబ్బా) లెక్కలు వేరు. టర్బో, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, ఈసీఎం అన్నీ కలిపి సెట్టుగా 68 వేలకు ఇచ్చారు, బిల్లు, తుక్కుకు పోయిన ఆ డిజైర్ ఆర్సీ కాపీ కూడా ఇచ్చారు. ఆ కాగితాలు తర్వాత ఎంత పనికొచ్చాయో కిందికి వస్తే తెలుస్తుంది.

ఇక్కడి గ్యారేజీలో ఇంజిన్ దించడం, ఎక్కించడం శుభ్రంగానే చేశారు, అందులో నేను వంక పెట్టను. పాత ఈసీఎంలోకి నీళ్లు పోయాయని, కొత్త ఇంజిన్‌తో వచ్చిన ఈసీఎం ఉంది కదా అదే పెడదామని అన్నారు. నాకూ సబబే అనిపించింది. పాతది గోనెసంచిలో చుట్టి డిక్కీలో వేశారు. తాళం తిప్పితే సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు.

అక్కడి నుంచి మొదలైంది నా టెన్షన్. డీజిల్ లైన్‌లో గాలి పట్టిందన్నారు, గాలి తీశారు. ఫిల్టర్ మార్చారు. ఇంజెక్టర్లు విప్పి డీజిల్ ల్యాబ్‌కు పంపారు, అవి బాగానే ఉన్నాయని రిపోర్ట్ వచ్చింది. వీటికే ఆరు వేలు అయ్యాయి. హైప్రెషర్ పంపు పోయి ఉంటుంది, పాతదైనా 14 వేలు అవుతుంది అన్నప్పుడు నాకు ఎందుకో మనసు ఒప్పలేదు, రెండు రోజులు ఆగమన్నాను.

ఆ రాత్రి దుకాణం మూసి వస్తూ గ్యారేజీకి పోయాను. షెడ్డులో కరెంటు లేదు. ఊరికే సీట్లో కూర్చుని తాళం తిప్పాను. ఆ చీకట్లో మీటర్ బోర్డు మీద ఒక ఎర్ర బొమ్మ టపటపా కొట్టుకుంటోంది, కారు బొమ్మ, దాని మీద తాళంచెవి బొమ్మ. మామూలుగా అయితే తాళం తిప్పగానే వెలిగి రెండు మూడు క్షణాల్లో ఆరిపోవాలి. పగటి వెలుగులో, నూనె చేతుల హడావుడిలో అన్ని రోజులూ దాన్ని ఎవరం పట్టించుకోలేదు. బండితో వచ్చిన పుస్తకం తీసి ఇంటికి తెచ్చి చూస్తే తేటగా రాసి ఉంది, ఆ లైటు కొట్టుకుంటుంటే ఇంజిన్ స్టార్ట్ కాదు, ఒకసారి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి, అయినా కొట్టుకుంటే తాళంలోనో ఇమ్మొబిలైజర్‌లోనో తేడా ఉన్నట్టు అని. తొమ్మిదేళ్లు డాష్‌బోర్డు అరలోనే ఉన్న పుస్తకం అది.

అసలు ఇమ్మొబిలైజర్ అంటే ఏమిటో అప్పుడు తెలుసుకున్నాను. తాళంచెవి ప్లాస్టిక్ తలలో చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ ఉండదు, రిమోట్ బటన్లకు వేసే బ్యాటరీ వేరు. తాళం పెట్టే చోట చుట్టూ ఒక కాయిల్ ఉంటుంది, తాళం తిప్పగానే ఆ కాయిలే చిప్‌ను మేల్కొలిపి దాని కోడ్ చదువుతుంది, డాష్‌బోర్డు లోపలి యూనిట్ ఆ కోడ్ సరిచూసుకుని ఈసీఎంతో మాట్లాడుతుంది, రెండింటి లెక్క కలిస్తేనే ఈసీఎం ఇంజెక్టర్లకు డీజిల్ వదలమంటుంది. మారుతి దీన్నే ఐక్యాట్స్ అంటుంది. ఇప్పుడు నా బండిలో తాళం నాది, కాయిల్ నాది, డాష్‌బోర్డు నాది, ఈసీఎం మాత్రం ఎవరిదో డిజైర్‌ది. కొత్త వాచ్‌మన్‌ను తెచ్చి గేటు దగ్గర కూర్చోబెడితే ఇంటి యజమానినే లోపలికి రానివ్వడు కదా, సరిగ్గా అలాగే. ఇంజెక్టర్లు, ఫిల్టర్, ఏ తప్పూ లేని వాటి మీద మేం డబ్బులు పెట్టాం.

విషయం తెలిశాక మూడు చోట్ల అడిగాను. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత ఈసీఎంలను ముట్టుకునేది లేదన్నారు, కొత్త ఈసీఎం వేసి తాళాలతో కలపాలి, అన్నీ కలిపి 45 వేల దాకా అంచనా ఇచ్చారు. వాళ్ల పద్ధతి వాళ్లది, దాన్ని తప్పు పట్టను. ఇంకో చోట ఒకాయన ఫోన్లోనే, బండి చూడకుండానే, నేనెవరో కూడా అడగకుండానే, "ఇమ్మొబిలైజర్ ఆఫ్ చేసేస్తా, ఆరు వేలు, గంటలో అయిపోతది" అన్నాడు. ఈసీఎం సాఫ్ట్‌వేర్‌లో ఆ తనిఖీనే తీసేస్తారన్నమాట. ఆ తర్వాత చిప్ లేని డూప్లికేట్ తాళంతో కూడా బండి స్టార్ట్ అవుతుంది.

నేను వద్దన్నాను. బండి రోజంతా నర్సంపేట రోడ్డు పక్కన దుకాణం ముందు నిలబడి ఉంటుంది, నేను లోపల బేరంలో ఉంటాను. బస్టాండ్ దగ్గర చెక్కే మామూలు తాళంతో దాన్ని ఎవరైనా తోలుకుపోగలిగితే ఇక నాకు నిద్ర ఎలా పడుతుంది? బండి పోయిందని క్లెయిమ్ పెడితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది రెండు తాళాలు. కంపెనీ పెట్టి ఇచ్చిన కాపలాను మనమే తీయించామని తేలితే క్లెయిమ్‌కు ఎన్ని కొర్రీలు పడతాయో. పనిమంతుడు దొరకనప్పుడు చివరి దారిగా కొందరు చేయించుకుంటారు, వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ అదే మొదటి మందు అన్నట్టు చెప్పేవాళ్లను చూస్తే మాత్రం నాకు కోపమే వస్తుంది.

ఈ మడిగె సంగతి చెప్పింది మా దుకాణానికి వచ్చే ఒక ట్రాక్టర్ డీలర్ దగ్గరి కుర్రాడు. పేరు రాసిన బోర్డు లేదు, "కారు తాళాలు, రిమోట్లు, ఈసీఎం" అని ఒక ఫ్లెక్స్ మాత్రం కట్టి ఉంది. లోపల ఒక బల్ల, మైక్రోస్కోప్, సోల్డరింగ్ సామాను, రెండు ల్యాప్‌టాప్‌లు, గోడకు వందల తాళాలు. ఆయనకు ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో. నేను సంగతంతా ఏకబిగిన చెప్పుకొస్తుంటే మధ్యలో ఆపి రెండే ప్రశ్నలు అడిగాడు.

"అన్నా, పాత ఈసీఎం ఏడుంది? పడేయలేదు గద?"

డిక్కీలో ఉందంటే ఆయన ముఖం తేటపడింది. రెండో ప్రశ్న, "ఆర్సీ, ఆధార్, ఇంజిన్ కొన్న బిల్లు ఉన్నయా? అవి లేకుంటే నేను ముట్టుకోను." ఇరవై రోజుల్లో నన్ను కాగితాలు అడిగిన మొదటి మనిషి ఆయన. ఛాసిస్ నంబర్ ఆర్సీతో సరిచూసుకుని, కాపీలు ఫైలులో పెట్టుకున్నాకే బండి తెమ్మన్నాడు. ఇతరుల బండి తెచ్చి తాళం చేయమనేవాళ్లు నెలకు ఒకరిద్దరైనా వస్తారట, వెనక్కి పంపిస్తాడట. ఇలాంటి పని చేసే మనిషిలో నేను చూసే మొదటి గుణం ఇదే, అందుకే అక్కడే సగం నమ్మకం కుదిరింది.

బండి రికవరీ వ్యాన్ మీద వచ్చింది. ఆయన వెంటనే ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. స్కానర్ పెట్టి చూపించాడు, ఈసీఎం మాట్లాడుతోంది, తాళాన్ని డాష్‌బోర్డు గుర్తుపడుతోంది, కలవనిది ఆ రెండింటి మధ్య కోడ్ మాత్రమే అని. అప్పుడు నాకు దారులు చెప్పాడు. అన్నిటికన్నా మంచిది పాత ఈసీఎంనే బాగుచేసి కొత్త ఇంజిన్‌కు పెట్టడం, ఇంజిన్ అదే రకం కాబట్టి ఇమ్మొబిలైజర్‌ను కదిలించే పనే ఉండదు. అది కుదరకపోతే పాత దాని మెమరీ డిజైర్ ఈసీఎంలోకి ఎక్కించడం. పాతది అసలే లేకపోతే డిజైర్ తాళం చిప్, దాని ఇమ్మొబిలైజర్ యూనిట్ కూడా వెతికి తెచ్చి సెట్టుగా పెట్టుకోవాలి, తుక్కు బండి తాళం ఎవరు దాచిపెడతారు?

పాత ఈసీఎం బల్ల మీద పెట్టి తెరిచాడు. అది తెరవడమే పెద్ద పని. మూత చుట్టూ నల్లటి జిగురు గట్టిగా పట్టుకుని ఉంటుంది, వేడిగాలి కొడుతూ, సన్నటి రేకుతో అంగుళం అంగుళం లేపుతూ నలభై నిమిషాలు పట్టింది. లోపల బోర్డు సగం కొత్తదానిలా మెరుస్తోంది. కనెక్టర్ వైపు మాత్రం రెండు పిన్నులు చిలుము పట్టి ఆకుపచ్చగా అయిపోయాయి, పక్కనే ఒక చిన్న పార్ట్ కాలి నల్లగా మచ్చ పడింది. మైక్రోస్కోప్‌లో నన్ను కూడా చూడమన్నాడు. "ఇది నేను చేయొచ్చు గానీ, ఆరు నెలలకు రోడ్డు మీద ఆగిపోతే మీరు నన్నే తిడతరు, నేను మాటియ్య" అన్నాడు. డబ్బు కోసం ఆశపడితే అది కూడా చేసి బిల్లు వేయొచ్చు, వేయలేదు.

అందుకని రెండో దారి పట్టాం. ఎనిమిది కాళ్ల చిన్న చిప్ ఒకటి ఉంటుంది, తాళం కోడ్, ఛాసిస్ నంబర్ లాంటివి అందులోనే ఉంటాయట. పాత దాంట్లోంచి దాన్ని చదివాడు. ఒకసారి కాదు, మూడుసార్లు చదివి మూడూ ఒక్కటేనా అని కంప్యూటర్లో పోల్చి చూశాడు. డిజైర్ ఈసీఎంలో ఉన్నది కూడా ముందు కాపీ తీసి పెట్టుకున్నాకే దాని మీద రాశాడు. నేను అడగకుండానే ఆ రెండు కాపీలూ పెన్‌డ్రైవ్‌లో వేసి నాకు ఇచ్చాడు, రేపు ఈయన దగ్గరికి కాకుండా ఇంకెక్కడికి పోయినా పని ఆగకుండా ఉండాలని.

మరునాడు ఈసీఎం బండికి పెట్టి, బ్యాటరీకి చార్జర్ తగిలించి, తాళం నా చేతికే ఇచ్చాడు. తిప్పాను. ఎర్ర బొమ్మ వెలిగింది, ఒకటి, రెండు, ఆరిపోయింది. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. ఇరవై మూడు రోజుల తర్వాత ఆ డీజిల్ చప్పుడు వింటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజంగానే చెబుతున్నా.

కానీ ఆయన తృప్తి పడలేదు. ఇంజిన్ కొంచెం ఊగుతోంది, స్టీరింగ్ మీద చెయ్యి పెడితే తెలుస్తోంది. నేనైతే పాత ఇంజిన్ కదా అని అలాగే తోలుకుపోయేవాణ్ని. ఆయన టార్చ్ తీసుకుని ఇంజెక్టర్ల తలల మీద గుడ్డతో తుడిచి, అక్కడ చెక్కి ఉన్న కోడ్‌లు ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకున్నాడు. పాత ఈసీఎం మెమరీ ఎక్కించాం కాబట్టి అందులో పాత ఇంజెక్టర్ల కోడ్‌లే వచ్చాయి, బండిలో ఉన్నవేమో డిజైర్ ఇంజెక్టర్లు. ఏ ఇంజెక్టర్ ఎంత డీజిల్ వదులుతుందో ఆ కోడ్ చెబుతుంది, అది తప్పితే ఒక సిలిండర్‌కు ఎక్కువ, ఒకదానికి తక్కువ పోతుంది. స్కానర్‌తో నాలుగూ మార్చాడు. ఊగడం తగ్గిపోయింది. ఇంజిన్ మార్పించుకున్న ఇలాంటి కంప్యూటర్ డీజిల్ బండ్లలో చాలా వాటికి ఈ పని చేయకుండా వదిలేస్తున్నారని నా అనుమానం. మీది కూడా ఇంజిన్ మార్చాక ఊగుతుంటే ముందు ఈ కోడ్‌లు ఎక్కించారా అని అడగండి.

రెండో తాళంతో చూస్తే మళ్లీ అదే ఎర్ర లైటు! నా గుండె జారిపోయింది. ఆయన తాళం చేతిలో తిప్పి చూసి, "ఇది బయట కొన్న షెల్ గద అన్నా, పాత షెల్ ఏం జేసినవ్?" అన్నాడు. రెండేళ్ల కింద తాళం విరిగితే ఆన్‌లైన్‌లో ఫ్లిప్ షెల్ (తాళం పైన ఉండే ప్లాస్టిక్ డొప్ప) తెప్పించి బ్లేడ్, రిమోట్ మార్చుకున్నాను, చిప్ మాత్రం పాత ప్లాస్టిక్‌లోనే ఉండిపోయింది. ఆ తాళంతో డోర్లు తీశానే గానీ ఎప్పుడూ స్టార్ట్ చేసి చూడలేదు. అదృష్టం కొద్దీ పాత ముక్క ఇంట్లో సొరుగులో దొరికింది. చిప్ తీసి కొత్త షెల్‌లో అంటించాడు, ఐదు నిమిషాల పని. దానికి డబ్బులు తీసుకోలేదు.

మొత్తం ఏడు వేలు తీసుకున్నాడు. ఈసీఎం పనికి 6,500, చిలుము పట్టిన వైరింగ్ కప్లర్ శుభ్రం చేసి రెండు పిన్నులు మార్చినందుకు 500. రికవరీ వ్యాన్‌కు నేను వేరేగా 1,800 పెట్టుకున్నాను. మూడు నెలలు హామీ అని రసీదు మీద రాసిచ్చాడు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఫోన్ ఎత్తడు, పనిలో ఉంటే అసలే ఎత్తడు, మెసేజ్ పెడితే రాత్రి పదింటికి జవాబు వస్తుంది. ఒక్క రోజులో అయిపోతుందన్నది రెండు రోజులైంది. కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ స్టూల్ తప్ప ఏమీ లేదు, గల్లీ ఇరుకు, రికవరీ వ్యాన్ లోపలికి రాక బండిని చౌరస్తా దగ్గర దింపి నలుగురం తోసుకుంటూ తెచ్చాం. జీఎస్టీ బిల్లు ఇవ్వడు, చేతిరాత రసీదే. కంపెనీ పేరు మీద బండి ఉన్నవాళ్లకు అది కుదరదు. కొత్త మోడళ్లలో కొన్నిటికి తన దగ్గర సాఫ్ట్‌వేర్ లేదని ముందే చెప్పి పంపించేస్తాడు, నేనున్న రెండు రోజుల్లోనే ఒక బటన్ స్టార్ట్ బండిని అలా పంపించాడు.

కాగితాల పని మర్చిపోవద్దని కూడా ఆయనే గుర్తుచేశాడు. ఇంజిన్ మారితే ఇంజిన్ నంబర్ మారుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం పద్నాలుగు రోజుల్లో ఆర్టీఏలో తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. బిల్లు, డిజైర్ ఆర్సీ కాపీ అక్కడ అక్కరకొచ్చాయి. ఇన్సూరెన్స్ పాలసీలో కూడా కొత్త నంబర్ రాయించుకున్నాను. తుక్కు ఇంజిన్ కాగితాలు లేకుండా చవకగా వస్తుందని కొంటే ఇక్కడ ఇరుక్కుంటారు.

ఇది జరిగి నాలుగు నెలలు దాటింది, తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగాను. ఒక్కసారి కూడా స్టార్ట్ కానని మొండికేయలేదు. మైలేజ్ ముందు ఎంత ఇచ్చేదో ఇప్పుడూ అంతే ఇస్తోంది.

మడిగె ఉదయం పదకొండింటికి తెరుస్తాడు, రాత్రి తొమ్మిది దాకా ఉంటాడు, ఆదివారం ఉండడు. పోయేటప్పుడు ఆర్సీ, ఆధార్, ఇంజిన్ బిల్లు, గ్యారేజీ వాళ్లు విప్పేసిన పాత ఈసీఎం, రెండు తాళాలు, ఎప్పుడైనా షెల్ మార్చి ఉంటే ఆ పాత ప్లాస్టిక్ ముక్క, అన్నీ ఒకే సంచిలో వేసుకుని పోండి. ఆ ముక్క కోసం నేను మిట్టమధ్యాహ్నం ఆటోలో ఇంటికి పోయి రావాల్సి వచ్చింది.